మ్యాక్రో అయిపోయాక ఎక్సెల్ మొరాయిస్తోందా? సెట్టింగులు దాచి, మళ్లీ పెట్టే క్లాస్

మ్యాక్రో (ఎక్సెల్‌లో పనులు చేసిపెట్టే వీబీఏ భాష కోడ్) వేగంగా నడవాలని మొదట్లోనే స్క్రీన్‌అప్‌డేటింగ్ (తెర మీద మార్పులు చూపడం), ఎనేబుల్‌ఈవెంట్స్ (సెల్ మారడం లాంటివి జరిగినప్పుడు కోడ్ నడవడం), డిస్‌ప్లేఅలర్ట్స్ (హెచ్చరిక బాక్సులు) ఆపేస్తాం, కాలిక్యులేషన్‌ని మాన్యువల్‌లో (అడిగితేనే లెక్కగట్టే మోడ్‌లో) పెడతాం. చివర్లో అన్నీ మళ్లీ వేస్తాం. మధ్యలో ఎర్రర్ వచ్చి మ్యాక్రో ఆగిపోతే మాత్రం ఆ చివరి లైన్లు నడవనే నడవవు. కింద చెప్పే తిప్పల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. కోడ్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

సమస్య: అంకె దిద్దినా టోటల్ మారడం లేదు

నేను పనిచేసిన ఒక అకౌంట్స్ ఆఫీసులో నెలాఖరు రోజు ఇది జరిగింది. ఒక బిల్లు 45,000 అయితే షీట్‌లో 54,000 పడింది. నా పక్క సీటు ఆవిడ చూసి దిద్దారు. సెల్‌లో అంకె మారింది, కింద టోటల్ మాత్రం పాతదే. పని హడావిడిలో అది గమనించక ప్రింట్ తీసి సంతకానికి పంపేశారు. ఆవిడ ఫైల్లో మ్యాక్రో అన్నదే లేదు. తప్పు నా మ్యాక్రోది.

అదెలాగంటే, కాలిక్యులేషన్ మోడ్ ఒక్కో ఫైలుకు విడిగా ఉండదు, తెరిచి ఉన్న ఎక్సెల్ మొత్తానికి ఒకటే. ఎక్సెల్‌లో మొదట ఏ ఫైలు తెరిస్తే దాని మోడే తర్వాత తెరిచిన ఫైళ్లన్నిటికీ వస్తుంది. సేవ్ చేసినప్పుడు ఆ మోడ్ ఫైల్లోకీ ఎక్కుతుంది. నా మ్యాక్రో మధ్యలో ఆగి మాన్యువల్‌లో వదిలేసింది, నేను ఫైలు సేవ్ చేసి మెయిల్‌లో పంపాను, ఆవిడ పొద్దున్నే ముందుగా దాన్నే తెరిచారు. ఇక ఆ రోజు ఆవిడ సేవ్ చేసిన ప్రతి ఫైలూ మాన్యువల్ అయిపోయింది. ఒక జలుబులా సీటు నుంచి సీటుకు పాకింది.

గుర్తు పట్టడం తేలికే. లెక్క పెండింగ్‌లో ఉంటే కింద ఎడమ మూల స్టేటస్ బార్‌లో 'కాలిక్యులేట్' అని కనిపిస్తుంది. ఫార్ములాస్ ట్యాబ్‌లో కాలిక్యులేషన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆటోమేటిక్ ఎంచుకుని, ఫైలు మళ్లీ సేవ్ చేయాలి. ఎఫ్9 కొడితే ఆ ఒక్కసారికి లెక్క వస్తుంది కానీ మోడ్ మారదు. చాలామంది ఎఫ్9తో సరిపెట్టుకుని మర్నాడు మళ్లీ అదే టెన్షన్ పడతారు.

సమస్య: సెల్ మారిస్తే పడాల్సిన తేదీ పడడం లేదు

ఎర్రర్ రాదు, మెసేజ్ రాదు, షీట్ ఛేంజ్ కోడ్ ఊరికే నిద్రపోయినట్టు ఉంటుంది. ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్‌లో ఉండిపోయిందన్నమాట. స్క్రీన్‌అప్‌డేటింగ్, డిస్‌ప్లేఅలర్ట్స్ రెండింటినీ మ్యాక్రో ముగిశాక ఎక్సెలే ట్రూ చేసుకుంటుంది. ఎనేబుల్‌ఈవెంట్స్, కాలిక్యులేషన్, కర్సర్ జోలికి అది రాదు. ఈ తేడా తెలియకే 'అన్నీ దానంతట అవే సర్దుకుంటాయి' అనే నమ్మకం పుడుతుంది.

తక్షణ పరిష్కారం: ఆల్ట్, ఎఫ్11 నొక్కి ఎడిటర్ తెరవండి. కంట్రోల్, జి నొక్కితే ఇమ్మీడియట్ విండో వస్తుంది. అందులో అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ అని కొట్టి ఎంటర్ నొక్కండి.

సమస్య: మ్యాక్రో సగం దాకా పరుగెత్తి, తర్వాత నత్తనడక

పెద్ద ప్రొసీజర్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మాన్యువల్ పెట్టి ఒక చిన్న ప్రొసీజర్‌ని పిలిచింది. ఆ చిన్నది కూడా మాన్యువల్ పెట్టి, పని ముగించుకుని, పోతూ పోతూ ఆటోమేటిక్ చేసేసింది. అక్కడినుంచి ప్రతి సెల్‌కీ మొత్తం లెక్క మళ్లీ నడుస్తోంది. చిన్నదాని తప్పేమిటంటే, తను వచ్చేసరికి మోడ్ ఏముందో చూడలేదు. ఆటోమేటిక్ చేసి వెళ్లడం సరికాదు, వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు పెట్టి వెళ్లాలి.

పరిష్కారం: క్లాస్

క్లాస్ అంటే విలువలు, వాటితో పని చేసే కోడ్ ఒకచోట ఉండే అచ్చు. దాన్నుంచి పుట్టేది ఆబ్జెక్ట్. ఎడిటర్ ఇన్సర్ట్ మెనూలో క్లాస్ మాడ్యూల్ తీసుకుని దానికి సెట్టింగ్స్‌కీపర్ అని పేరు పెట్టండి. ఒక్కో సెట్టింగుకు ఒక ప్రైవేట్ వేరియబుల్ (విలువ దాచుకునే చోటు). క్లాస్ ఇనిషియలైజ్ ఈవెంట్‌లో (ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచేది) ఇప్పుడున్న విలువలన్నీ వాటిలో దాచి, ఆ తర్వాతే స్విచ్‌లు ఆపండి. క్లాస్ టెర్మినేట్ ఈవెంట్‌లో (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచేది) దాచినవి తిరిగి పెట్టండి. వాడుక రెండు లైన్లే:

డిమ్ కీపర్ యాజ్ సెట్టింగ్స్‌కీపర్
సెట్ కీపర్ = న్యూ సెట్టింగ్స్‌కీపర్

వీబీఏలో ఒక ఆబ్జెక్ట్‌ని పట్టుకున్న చివరి వేరియబుల్ పోగానే టెర్మినేట్ అప్పటికప్పుడే నడుస్తుంది. ప్రొసీజర్ చివరిదాకా వెళ్లినా, మధ్యలో ఎగ్జిట్ సబ్‌తో బయటపడినా, ఎర్రర్ వచ్చి పైనున్న, అంటే దాన్ని పిలిచిన ప్రొసీజర్ హ్యాండ్లర్‌కి (ఎర్రర్‌ని పట్టుకునే కోడ్‌కి) పోయినా సరే. చిన్న ప్రొసీజర్‌కి సొంత కీపర్ ఉంటే అది మాన్యువల్‌ని చూసి మాన్యువల్‌నే తిరిగి పెడుతుంది, కాబట్టి నత్తనడక బాధ కూడా ఉండదు.

టెర్మినేట్‌లో వరుస ముఖ్యం. ముందు కాలిక్యులేషన్, ఆ తర్వాతే ఎనేబుల్‌ఈవెంట్స్. తలకిందులు చేస్తే, మోడ్ మారి లెక్క జరిగే సమయానికి ఈవెంట్లు మేలుకుని ఉంటాయి, షీట్ కాలిక్యులేట్ కోడ్ అక్కర్లేకుండా నడుస్తుంది.

సమస్య: క్లాస్ పెట్టినా ఏదీ వెనక్కి రావడం లేదు

దీని మీద నేను ఎక్కువ రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట ఎండ్ కోసం వెతకండి. ఎండ్ సబ్ కాదు, ఒక లైన్లో ఒంటరిగా ఉండే ఎండ్. అది కోడ్‌ని ఉన్నపళాన చంపేస్తుంది, టెర్మినేట్ ఈవెంట్లు నడవవు. ఎర్రర్ బాక్సులో ఎండ్ బటన్ నొక్కినా, ఎడిటర్‌లో రీసెట్ నొక్కినా అంతే. అంటే పట్టుకునేవాళ్లు లేని ఎర్రర్ దగ్గర క్లాస్ ఒక్కటే మిమ్మల్ని కాపాడలేదు. బటన్‌కి తగిలించిన పై ప్రొసీజర్‌లో ఆన్ ఎర్రర్ గోటు (ఎర్రర్ వస్తే హ్యాండ్లర్‌కి వెళ్లమనే లైన్) తప్పనిసరిగా ఉండాలి. లోపలి ప్రొసీజర్లన్నిటిలో పెట్టనక్కర్లేదు.

రెండోది, డిమ్ కీపర్ యాజ్ న్యూ అని ఒకే లైన్లో రాయడం. ఇలా రాస్తే ఆబ్జెక్ట్ ఆ లైన్ దగ్గర పుట్టదు, మొదటిసారి దాన్ని వాడినప్పుడు పుడుతుంది. మనం కీపర్‌ని ఎక్కడా వాడం కాబట్టి అది పుట్టనే పుట్టదు. పైన చూపినట్టు రెండు లైన్లుగానే రాయండి.

వేరియబుల్‌ని మాడ్యూల్ పైభాగంలో డిక్లేర్ చేస్తే మ్యాక్రో ముగిసినా అది బతికే ఉంటుంది. ప్రొసీజర్ లోపలే ఉండాలి.

సమస్య: స్టేటస్ బార్‌లో 'ఫాల్స్' అతుక్కుపోయింది

స్టేటస్ బార్ ఎక్సెల్ చేతిలో ఉన్నప్పుడు దాని విలువ అడిగితే బూలియన్ (అవును/కాదు రకం) ఫాల్స్ ఇస్తుంది. దాన్ని స్ట్రింగ్ (అక్షరాల రకం) వేరియబుల్‌లో దాస్తే అక్షరాలుగా మారిపోతుంది. తిరిగి పెట్టినప్పుడు ఎక్సెల్ దాన్ని సందేశం అనుకుని చూపిస్తుంది. దాచే వేరియబుల్ వేరియంట్ (ఏ రకం విలువైనా పట్టేది) అయితే చాలు.

సమస్య: టెర్మినేట్‌లోనే 1004 ఎర్రర్

మీ కోడ్ యాడ్-ఇన్‌లో (ఎక్సెల్‌కి అదనంగా తగిలించే కోడ్ ఫైల్లో) ఉండి, అది తెరిచిన వర్క్‌బుక్కులన్నీ మూసేసిందనుకోండి. ఏ వర్క్‌బుక్కూ తెరిచి లేనప్పుడు కాలిక్యులేషన్ మార్చబోతే 1004 వస్తుంది, తర్వాతి లైన్లు ఆగిపోతాయి. టెర్మినేట్ మొదట్లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ (ఎర్రర్ వచ్చినా తర్వాతి లైన్‌కి పొమ్మనేది) పెట్టండి. అయితే ఆ లైన్ ఎర్ర్ ఆబ్జెక్ట్‌ని (వచ్చిన ఎర్రర్ వివరాలు ఉండేదాన్ని) ఖాళీ చేస్తుంది. అందుకని పై హ్యాండ్లర్‌లో కీపర్‌ని నథింగ్ చేసే ముందే ఎర్రర్ నంబరు, వివరం రెండూ వేరే వేరియబుల్స్‌లోకి తీసుకోండి. లేకపోతే మెసేజ్ బాక్సులో 0 చూసి తల పట్టుకోవాల్సి వస్తుంది.

అన్నీ రాశాక పరీక్ష ఇలా చేయండి. కాలిక్యులేషన్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి పరీక్షించకండి, ఎందుకంటే కోడ్ గుడ్డిగా ఆటోమేటిక్ పెట్టేసినా అది పాసవుతుంది. డేటా టేబుల్స్ తప్ప మిగతావన్నీ లెక్కగట్టే మోడ్‌లో పెట్టండి, దాని విలువ 2. మ్యాక్రో మధ్యలో కావాలని 1ని 0తో భాగించే లైన్ రాసి నడపండి. ఎర్రర్ మెసేజ్ మూసేశాక ఇమ్మీడియట్ విండోలో ప్రశ్నార్థకం పెట్టి అప్లికేషన్.కాలిక్యులేషన్ అని అడగండి. 2 వస్తే క్లాస్ పని చేస్తోంది. -4105 వస్తే ఎక్కడో ఎవరో ఆటోమేటిక్ అని నేరుగా రాసేశారు. -4135, అంటే మాన్యువల్, వస్తే టెర్మినేట్ నడవలేదు, మళ్లీ ఎండ్ కోసం వెతకండి.