కెర్నల్ మీరే బిల్డ్ చేస్తే వైఫై పోకుండా ఏం చేయాలి

మొన్న బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఇంటికి తెచ్చి పెడితే నెట్ రాలేదు. షాపువాణ్ణి తెగ తిట్టుకున్నాను, తీరా చూస్తే తప్పు నాదే, లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు దాని డ్రైవర్ వదిలేశాను.

అందుకే ముందు డిస్ట్రో (ఉబుంటు లాంటి రెడీమేడ్ లినక్స్) ఇచ్చిన కెర్నల్‌తో బూట్ చేసి డాంగిల్, వెబ్‌క్యామ్, ఏవి వాడతారో అన్నీ పెట్టండి. ఆ తర్వాతే 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' (make localmodconfig) కమాండ్ కొట్టండి, ఎందుకంటే అది ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లనే (కెర్నల్‌కి విడిగా తగిలించే ముక్కలు) ఉంచి మిగతావి పీకేస్తుంది. ఆప్షన్లు ఎంచుకునే 'మేక్ మెనూకాన్ఫిగ్' (make menuconfig) మెనూలో డివైస్ డ్రైవర్స్ తెరిచి, వై నొక్కితే డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసిపోతుంది, ఎమ్ అయితే విడి మాడ్యూల్. ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) లేకపోతే, సిస్టమ్ ఉండే రూట్ డిస్క్ డ్రైవర్‌కి వై తప్పదు. వైఫైకి ఎమ్ చాలు. ఫర్మ్‌వేర్ (డాంగిల్‌లోకి ఎక్కాల్సిన ప్రోగ్రామ్ ఫైలు) దొరక్క మొరాయిస్తే, కెర్నల్ మెసేజ్‌లు చూపించే dmesg కమాండ్‌లో ఆ ఫైలు పేరు కనిపిస్తుంది. పాత కెర్నల్ మాత్రం అప్పుడే తీసేయకండి బాబూ.