21 రోజులు దాటినా గుడ్డు పగల్లేదా? పారేసే ముందు ఇవి చూడండి

కోడిగుడ్డు మామూలుగా 21 రోజులకి పిల్లవుతుంది, కానీ పెట్ట మేతకి లేచి ఎక్కువసేపు బయట తిరిగినా, గుడ్లకి వేడి సరిగ్గా తగలకపోయినా ఒకట్రెండు రోజులు లేటవుద్ది, అందుకని 22వ రోజే తొందరపడి తీసెయ్యకండి.

రాత్రి లైట్లన్నీ ఆపేసి గుడ్డు లావు వైపు ఫోన్ టార్చ్ ఆనించండి. పైన గాలి గది తెల్లగా, మిగతాదంతా నల్లగా ఉండి, ఆ రెండూ కలిసే చోట నీడ కదిలితే పిల్ల బతికే ఉన్నట్టు. గుడ్డంతా పసుపుగా వెలిగితే అసలు పిల్లే కట్టలేదు. లోపల నీళ్ళలాగా కదుల్తుంటే మురిగిపోయిందని అర్థం, దాన్ని మాత్రం ఊపకండి బాబూ, పేలిందంటే ఆ కంపు భరించలేం.

చెవి దగ్గర పెట్టి వినండి, టిక్ టిక్ అనో కీచుమనో వినిపిస్తే ఇంక డౌటే లేదు. కొందరు గోరువెచ్చటి నీళ్ళలో వేసి ఊగుతుందా అని చూస్తారు, పెంకుకి సన్న పగులున్నా పిల్ల మునిగి చస్తుంది, నాకైతే టార్చే నయం.

పెంకు పొడిచాక కూడా బయటికి రావడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది, మీరు ఒలిస్తే రక్తం కారి చచ్చిపోవచ్చు. 25వ రోజుకీ కదలిక లేకపోతే దూరంగా పాతెయ్యండి.