గమ్మునుండే కంప్యూటరు కావాలంటే ఏ సామాను కొనాలి

ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేయడం నా వృత్తి. కంప్యూటర్లు బిగించడం దానికి తోడుగా వచ్చి చేరింది. తిరుపతిలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో గేములాడే పిల్లకాయలు తక్కువ. రిటైరైన అయ్యవార్లు, ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకునే ఆడపిల్లలు, ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువ. వీళ్లు అడిగేది రెండే: చప్పుడు రాకూడదు, కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఎక్కువసేపు నడవాలి. విడివిడిగా అడుగుతారుగానీ రెండూ ఒకటే. కంప్యూటరు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఆ వేడిని బయటికి తోలడానికి ఫ్యాను తిరగాలి. మనకి వినిపించేది ఆ ఫ్యానే. వాట్లు తగ్గితే చప్పుడూ తగ్గుతుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది.

ఇంటర్నెట్లో చెప్పే ఉష్ణోగ్రతలు చాలావరకు పాతిక డిగ్రీలకి అటూ ఇటూ ఉండే చల్లటి గదిలో కొలిచినవి. మన దగ్గర మే నెలలో, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేని మిద్దె గదిలో, మధ్యాహ్నం మూడు గంటలకి 38 డిగ్రీలు ఉండడం వింతేమీ కాదు. గది ఎంత వేడిగా ఉంటే లోపలి చిప్పు అంత పైకి పోతుంది. అక్కడ 60 చూపించింది ఇక్కడ 73 చూపిస్తుంది. అందుకే నేను ప్రతి సామానూ మే నెల మధ్యాహ్నాన్ని తలచుకునే ఎంచుతాను. డిసెంబరులో ఏదైనా గమ్మునే ఉంటుంది.

కొనేముందు ఇప్పుడున్న కంప్యూటరు ఎంత తింటోందో చూడండి. ప్లగ్గుకి పెట్టే వాట్ మీటరు ఉంటే మంచిది, లేకపోయినా ఇంటి కరెంటు మీటరే చాలు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుతూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, రౌటరు అన్నీ ఆపి, ఇన్వర్టరు ప్లగ్గు కూడా పీకేసి, కంప్యూటరు ఒక్కటే గోడ సాకెట్ మీద నడవనివ్వండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక మినుకు నుంచి ఇంకో మినుకు దాకా ఎన్ని సెకన్లో చూడండి. 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 45 సెకన్లకి ఒకసారి మినికితే 25 వాట్లు. పది సెకన్లకే మినికితే 112 వాట్లు, అంటే లోపల ఏదో దండగ్గా తింటోందని అర్థం. మీ మీటరు మీద 1600 అని ఉంటే 1125 బదులు 2250 తీసుకోండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి చేయండి, లేకపోతే వంటింట్లోంచి కేకలొస్తాయి.

ఇక ప్రాసెసరు. కొర్లగుంటలో ఒక హెడ్మాస్టరు గారు, "ఐ7 వేయప్పా, మళ్లీ పదేళ్లు చూసుకోబన్లేదు" అన్నారు. "సార్, మీరు చేసేది ఏంది?" అంటే పేపరు చదవడం, ప్రవచనాలు వినడం, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్. ఆ మాత్రానికి ఇంటెల్ ఎన్100 సరిపోతుంది. 2023 మొదట్లో వచ్చిన చిప్పు, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఆరు వాట్ల రేటింగు. ఆరు వాట్లన్నది చిప్పుకి మాత్రమే. బోర్డు, ర్యాము, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) అన్నీ కలిపి గోడ దగ్గర కొలిస్తే ఊరకున్నప్పుడు పది వాట్లకి అటూ ఇటూ ఉంటుంది, గట్టిగా పనిచేస్తే ఇరవై దాటుతుంది. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోల్ని ఏవీ1 అనే పద్ధతిలో కుదించి పంపుతోంది. దాన్ని విప్పే భాగం ఈ చిప్పులోనే ఉంది, కాబట్టి వీడియో చూసినంతసేపూ వేడెక్కదు.

ఎన్100 విడిగా దొరకదు, 17 సెంటీమీటర్ల చదరపు బోర్డుకే అతికి, పైన వేడిని లాగే అల్యూమినియం దిమ్మ, అంటే హీట్‌సింకుతో వస్తుంది. ఏస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ బోర్డుకి ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టే 19 వోల్టుల పిన్ను ఉంటుంది, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటరుకి తగ్గట్టు మార్చే డబ్బా) అక్కర్లేదు. ఆసుస్ ప్రైమ్ ఎన్100ఐ-డీ డీ4కి మామూలు 24 పిన్నుల ఎస్ఎంపీఎస్ కావాలి, ర్యాము ల్యాప్‌టాప్‌ది వేయాలి. ఈ సంగతి చూసుకోకుండా డెస్క్‌టాప్ ర్యాము తెచ్చి నా బల్ల మీద పెట్టినవాళ్లున్నారు. రెండింట్లో ర్యాము స్లాటు ఒక్కటే, కాబట్టి మొదట్లోనే 16 జీబీ వేసేయండి.

పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, ఫొటోలు, అప్పుడప్పుడు పెళ్లి వీడియో ఎడిటింగ్ ఉంటే ఎన్100 చాలదు. అప్పుడు ఇంటెల్ ఐ3-12100 గానీ, ఏఎండీ రైజెన్ 5 5600జీ గానీ. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నది కొంచెం చౌకగా ఇస్తారు, తీసుకోకండి. దాంట్లో తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం ఉండదు, విడిగా కార్డు కొనాలి, కార్డుతో పాటు ఇంకో ఫ్యాను వస్తుంది, ఇంతసేపు చెప్పిందంతా గంగలో కలిసిపోతుంది. 5600జీలో ఆరు కోర్లున్నా ఏవీ1ని విప్పే భాగం లేదు. ఆ పని కోర్లే చేయాలి, కాబట్టి యూట్యూబ్ చూస్తుంటే ఫ్యాను లేస్తుంది. వీడియోలు ఎక్కువగా చూసే ఇంటికి నేను 12100 ఇస్తాను. 5600జీ కొన్నవాళ్లు బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) 65 వాట్లని 45కి దించుకోవచ్చు, రోజువారీ పనిలో తేడా తెలియదు. ఈ రెండింటికీ ర్యాము రెండు ముక్కలుగా వేయండి, ఎందుకంటే గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామునే వాడుకుంటుంది.

పేరు చివర టీ ఉన్న 35 వాట్ల ఇంటెల్ చిప్పుల కోసం వెతుకుతూ తిరిగేవాళ్లున్నారు. ఊరకున్నప్పుడు అవీ మామూలువీ ఒకే కరెంటు తీసుకుంటాయి. పని పడ్డప్పుడు మాత్రం టీ రకం గరిష్ఠాన్ని కిందనే ఆపుతుంది. బోర్డు ఒప్పుకుంటే అదే హద్దు బయాస్‌లో మనమే పెట్టుకోవచ్చు.

టీ రకం నిజంగా పనికొచ్చేది సెకండ్ హ్యాండ్‌లో. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన పుస్తకమంత పెట్టెలు, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో వరసగా పేర్చి ఉంటాయి. డబ్బులకి తగ్గ సరుకంటే నా దృష్టిలో ఇదే. లోపలి ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరం కంటే పాతదైతే మాత్రం ముట్టుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. ఐ5-8500టీ ఉన్న పెట్టె చూడండి, ఆరు కోర్లు. షాపులోనే ఆన్ చేయించి బయాస్‌లోకి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ పెట్టెని అక్కడే వదిలేసి వచ్చేయండి. అడాప్టరు ఆ పెట్టెకి వచ్చిందేనా అన్నదీ అడగండి. కొన్ని పెట్టెలు వేరే అడాప్టరుని కనిపెట్టి ప్రాసెసరు వేగాన్ని కట్టేస్తాయి, "ఇది స్లో అన్నా" అని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఇంటికి తెచ్చాక వెంటనే వాడకండి. వెనక స్క్రూ తీసి మూత జరపండి. నత్తగుల్ల ఆకారంలో చిన్న ఫ్యాను, దాని మూతి దగ్గర సన్నటి రాగి రేకులు కనిపిస్తాయి. ఫ్యానుకీ రేకులకీ మధ్య బూడిద రంగు దుమ్ము చాపలా అల్లుకుని ఉంటుంది. ట్వీజర్‌తో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. తర్వాత హీట్‌సింకు ఎత్తి చూస్తే చిప్పుకీ దానికీ మధ్య పూసిన పేస్టు ఎండి సున్నంలా పొడిపొడిగా రాలుతుంది. స్పిరిట్‌తో తుడిచి బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. కీచుమనే పెట్టె ఒక్కసారిగా గమ్మునవుతుంది.

ఎస్ఎంపీఎస్ దగ్గర ఆలోచించేవాళ్లు తక్కువ. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే 450 వాట్లదే చాలనుకుంటారు. చప్పుడుకి సగం కారణం అదే: లోపల 80 మిల్లీమీటర్ల ఫ్యాను, వేగం తగ్గించే ఏర్పాటు ఉండదు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని డబ్బా మీద రాసేది 20, 50, 100 శాతం లోడు దగ్గర కొలిచిన సామర్థ్యం. 450 వాట్లలో 20 శాతం అంటే 90 వాట్లు. మన కంప్యూటరు రోజంతా నడిచేది ఇరవై ముప్పై వాట్ల దగ్గర, అక్కడ ఆ స్టిక్కరు ఏ హామీ ఇవ్వదు. తీసుకున్న కరెంటులో మంచి భాగం ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది. అందుకే ఎన్100కి 19 వోల్టుల పిన్ను ఉన్న బోర్డే మేలంటాను. 12100కి, డిస్కులూ కార్డులూ తగిలించకపోతే, ఎస్ఎంపీఎస్ బదులు 24 పిన్నుల సాకెట్‌లోనే కూర్చునే పికో రకం చిన్న బోర్డు, బయట 12 వోల్టుల అడాప్టరు పెట్టొచ్చు. అడాప్టరు మీద ఆంపియర్లు చదవండి: 12 వోల్టులు, 10 ఆంపియర్లంటే 120 వాట్లు. సీసీటీవీ కెమెరాలకి, ఎల్ఈడీ పట్టీలకి అమ్మే పేరులేని అడాప్టర్లు వద్దు. బీఐఎస్ గుర్తు, దాంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే తీసుకోండి. మామూలు ఎస్ఎంపీఎస్సే కావాలంటే 120 మిల్లీమీటర్ల ఫ్యానున్నది, పేరున్న కంపెనీది కొనండి.

ఫ్యాను అసలే వద్దు, హీట్‌సింకు ఒక్కటే చాలని పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. నాక్టువా ఎన్‌హెచ్-పీ1 లాంటి ఫ్యాను లేని కూలర్లున్నాయి, బాగా తయారుచేశారు కూడా. కానీ వాటికి కూడా గాలి ఆడే క్యాబినెట్ కావాలి, 38 డిగ్రీల గదిలో వాటి చుట్టూ ఉండేది వేడి గాలే. తిరుపతిలో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దాని కింద కూర్చుని, నెమ్మదిగా తిరిగే కంప్యూటరు ఫ్యాను కూడా వినిపించకూడదని వేలు పోయడం దండగ. నేను 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి, వేగం మార్చుకోవడానికి వీలుండే నాలుగు పిన్నులది, నిమిషానికి 600, 700 చుట్ల దగ్గర తిప్పుతాను. ఒకే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే చప్పుడు ఇంచుమించు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగం ఇంకా వస్తూనే ఉంటుంది. ఎన్100 హీట్‌సింకు మీదికి ఆ కాస్త గాలి తగిలితే చాలు, మే నెల కూడా గట్టెక్కుతుంది.

బయాస్‌లో ఫ్యాను గీత, అంటే ఎంత వేడికి ఎంత వేగంగా తిరగాలన్న లెక్క, సరిచేయడం మరవకండి. 60 డిగ్రీల దాకా అన్నిటికంటే తక్కువ వేగమే ఉంచి, అక్కణ్నుంచి నెమ్మదిగా పెంచండి. వేడి ఒక్క క్షణం ఎగిరినా ఫ్యాను వెంటనే లేవకుండా కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు చాలా బోర్డుల్లో ఉంటుంది. చెవికి ఇబ్బంది పెట్టేది ఒకే స్థాయి చప్పుడు కాదు, లేస్తూ పడుతూ ఉండే చప్పుడు.

డిస్కు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎస్ఎస్‌డీ వేయండి. ఎన్100లో పీసీఐఈ (ఎస్ఎస్‌డీకీ ప్రాసెసరుకీ మధ్య దారి) మూడో తరమే కాబట్టి ఖరీదైన నాలుగో తరం ఎస్ఎస్‌డీ వృథా. పాత హార్డ్‌డిస్కులో ఫొటోలుంటే యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుని అవసరమైనప్పుడే తగిలించండి. లోపల ఉంటే తిరిగే అదురు క్యాబినెట్ రేకుకి ఎక్కి గుయ్యిమంటుంది. మానిటరు సంగతి అందరూ వదిలేస్తారు. 24 అంగుళాలది 15 నుంచి 25 వాట్లు తీసుకుంటుంది, అంటే ఎన్100 పెట్టె కంటే ఎక్కువ. బ్రైట్‌నెస్ తగ్గించండి, కళ్లకీ మంచిది.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఎస్ఎంపీఎస్ గుర్రుమంటుంది, సీలింగ్ ఫ్యాను కూడా మూలుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు ఉంటే ఆ గొడవే ఉండదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అటు వేస్తే కరెంటు పోయినప్పుడు మారే సమయం తగ్గుతుంది. అడాప్టరు లోపలి కెపాసిటరు పూర్తి లోడుని లెక్కలో పెట్టుకుని వేసింది కాబట్టి, పదిహేను వాట్ల కంప్యూటరు ఆ సందులో ఆగిపోకుండా దాటేస్తుంది. తక్కువ వాట్ల పెట్టెకి విడిగా యూపీఎస్ కొనమని నేను చెప్పనిది అందుకే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టరు తినేది, బ్యాటరీ వయసు తీసేసి సగమే వస్తుందనుకున్నా, కంప్యూటరు, మానిటరు, రౌటరు కలిపి 45 వాట్లకి చాలా గంటలు.

బిల్లు బాగా తగ్గుతుందని మాత్రం ఆశపడకండి. 60 వాట్లు తినేదాన్ని 10 వాట్లకి మార్చి రోజుకి పది గంటలు వాడితే నెలకి మిగిలేది 15 యూనిట్లు.

వేసవి మొదలయ్యే ముందు, మార్చిలో, పెట్టెని వాకిట్లోకి తెచ్చి బ్లోయరుతో కొట్టండి. సాంబ్రాణి, అగరొత్తుల పొగ పట్టే గదిలో ఉంటే రేకుల మీద దుమ్ము జిడ్డుగా అంటుకుంటుంది, దానికి బ్రష్షు కావాలి. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగు అరిగిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా కీచుమంటూనే ఉంటుంది.