ఖైనీ, కాఫీ, గుండె దడ: ఏది ఎంత పెంచుతోందో పల్స్ పట్టి తేల్చుకోవడం

బెంగళూరులో నైట్ షిఫ్టుల్లో కూర్చునేవాళ్లు, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్ నడిపేవాళ్లు, సెంట్రింగ్, టైల్స్ పనికి సీమ నుంచీ పాలమూరు నుంచీ వచ్చినవాళ్లు చాలామంది ఒకే మాట చెబుతారు: "దవడలో కాస్త ఖైనీ పెట్టుకుంటే టెన్షన్ తగ్గుద్ది." తగ్గినట్టు అనిపించడం నిజమే. ఆ నిమిషంలోనే మణికట్టు పట్టి చూస్తే మాత్రం పల్స్ పెరిగి ఉంటుంది.

కారణం ఇది. పొగాకులోని నికోటిన్ ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. దానివల్ల గుండె వేగం సాధారణంగా నిమిషానికి 10 నుంచి 20 దాకా పెరుగుతుంది, బీపీ కూడా కాస్త పైకి పోతుంది. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకు సగమవుతుంది. అలా తగ్గుతూ ఉంటే చిరాకు, గాబరా, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం మొదలవుతాయి. మళ్లీ ఒక చిటికెడు పెట్టుకుంటే అవి పోతాయి. అంటే పోయింది ఆఫీసు టెన్షన్ కాదు, ముందు పెట్టుకున్న చిటికెడు తెచ్చిన టెన్షన్. ఈ సంగతి ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కాదు. అందుకే సొంత పల్స్‌తో చూసుకోవడం మేలు.

పల్స్ చూసే పద్ధతి

5 నిమిషాలు కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టండి. బొటనవేలి కింద, మణికట్టు పక్కన చూపుడువేలు, మధ్యవేలు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది కాబట్టి లెక్క కలగాపులగం అవుతుంది. కొట్టుకోవడం ఒక లయలో లేదనిపిస్తే నిమిషమంతా లెక్కపెట్టాలి. స్మార్ట్ వాచీ ఉంటే కదలకుండా కూర్చున్నప్పుడు చూపించే అంకె ఈ పనికి చాలు, నడుస్తున్నప్పుడు చూపించేదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలు.

కొలవాల్సింది పొద్దున మొదటి చిటికెడు ముందు, తర్వాత. రాత్రంతా నికోటిన్ దిగిపోయి ఉంటుంది కనుక ఆ మొదటిదే ఎక్కువ తేడా చూపిస్తుంది. మధ్యాహ్నానికి ఒళ్లు కొంత అలవాటు పడిపోతుంది, తేడా తక్కువ కనిపిస్తుంది. సాయంత్రం ఒక్కసారి కొలిచి "నాకేం కావట్లేదు" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పెట్టుకునే ముందు ఒకసారి, తర్వాత 10, 30, 60 నిమిషాలకు చూడండి. సిగరెట్టులో నికోటిన్ కొద్ది నిమిషాల్లోనే ఎక్కి దిగుతుంది. దవడలో పెట్టుకున్నది నెమ్మదిగా ఎక్కి, అరగంట ప్రాంతంలో గట్టిగా ఉండి, చాలాసేపు దిగదు. 5 నిమిషాలకే కొలిచి వదిలేస్తే అసలు తేడా చేతికి చిక్కదు.

ప్రతి అంకె పక్కన గాబరా ఎంతుందో 0 నుంచి 10 దాకా ఒక మార్కు వేసుకోండి. ఒక రోజు పొగాకు మాత్రమే, కాఫీ లేకుండా. ఒక రోజు కాఫీ మాత్రమే, పొగాకు ఆ గంట అయ్యాక. ఒక రోజు రెండూ కలిపి. మెట్రో మెట్లెక్కి వచ్చిన వెంటనే, కడుపునిండా తిన్న వెంటనే, జ్వరంలో, నిద్రలేని రాత్రి తర్వాత కొలిస్తే ఆ అంకెలు కొట్టేయండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ పరీక్ష జోలికి పోకుండా నేరుగా డాక్టరును కలవాలి.

అంకెలు ఒకరోజుకీ ఇంకోరోజుకీ పొంతన లేకపోతే సున్నం సంగతి చూడండి. ఖైనీలో సున్నం ఘాటు కోసమని అనుకుంటారు. అది క్షారగుణం పెంచుతుంది, క్షారంలో నికోటిన్ బుగ్గ లోపలి పొర దాటి రక్తంలోకి సులువుగా దిగుతుంది. అదే పొగాకు, అదే చిటికెడు, సున్నం కాస్త ఎక్కువ పడితే దడ ఎక్కువ. కర్ణాటకలో 2013 నుంచి గుట్కా నిషేధం. దాంతో పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఇంకో పొట్లం కొని చేతిలో కలుపుకుంటున్నారు, ఏ రోజు ఎంత పొగాకు పడిందో కలిపినవాడికే తెలియదు. పొగాకు లేని పాన్ మసాలాతో కూడా ఒళ్లు వేడెక్కి, చెమట పట్టి, దడ రావచ్చు. అది వక్కలోని అరెకోలిన్ పని. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ ముప్పుంది కాబట్టి దాన్ని పొగాకు మానడానికి మందుగా చూడొద్దు.

కాఫీ లెక్క

కెఫీన్ 30 నుంచి 60 నిమిషాల్లో గరిష్ఠానికి చేరుతుంది, సగం దిగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల లోపు, గర్భిణులకు 200 లోపు ఉండాలంటారు. టీ కప్పుకు 40, చెంచాడు ఇన్‌స్టంట్ కాఫీకి 60, గట్టి డికాక్షన్ కాఫీకి 80 అని మోటుగా వేసుకోండి. చికోరీలో కెఫీన్ ఉండదు. పొడి పొట్లం మీద చికోరీ శాతం రాసి ఉంటుంది, 40 శాతం చికోరీ పొడికి ప్యూర్ కాఫీ అంత లెక్క వేయక్కర్లేదు. ఎనర్జీ డ్రింకుల్లో మన దేశపు నిబంధన ప్రకారం లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండొచ్చు, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాకు 75 దాకా. జిమ్ముకు ముందు తాగే పౌడర్లు ఒక్క స్కూపులోనే 200 దాటేవి ఉన్నాయి, డబ్బా వెనక చదవండి. కొన్ని తలనొప్పి, జలుబు మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు. రోజూ కాఫీ తాగేవాళ్లకు దానివల్ల పల్స్ పెద్దగా పెరగకపోవచ్చు. చేతుల వణుకు, గాబరా, నిద్ర పట్టకపోవడం మాత్రం వస్తాయి. కనుక కాఫీ రోజున పల్స్ అంకె కంటే గాబరా మార్కుకే విలువివ్వండి. పానిక్ అటాక్‌లు వచ్చే మనిషికి మామూలు మోతాదు కూడా ఎక్కువే కావచ్చు.

సిగరెట్లు మానేసి ఖైనీకో, చిగురు పక్కన పెట్టుకునే నికోటిన్ పౌచ్‌కో మారినవాళ్లు ఈ ముక్క తప్పక గుర్తుపెట్టుకోవాలి. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమ్‌ను చురుగ్గా ఉంచుతాయి. ఆ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. పొగ ఆగిన కొద్ది రోజుల్లో ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అవే నాలుగు కాఫీలకు రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. "సిగరెట్ మానాకే దడ ఎక్కువైంది" అనడం వెనక చాలాసార్లు ఉన్నది ఈ కాఫీయే. సిగరెట్ మానిన వారంలోనే కాఫీ సగం చేయండి. ఆయాసానికి డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లకూ ఇదే జరుగుతుంది, అది మరీ ప్రమాదం. పొగ మానుతున్నామని డాక్టరుకు ముందే చెప్పి మోతాదు మార్పించుకోవాలి. ఖైనీ మాత్రమే మానేవాళ్లకు ఈ బెడద లేదు.

తగ్గించడం

ఖైనీ, కాఫీ రెండూ ఒకేసారి తెంచేస్తే ఏ బాధ దేనివల్లో తెలీదు, నాలుగో రోజుకి రెండూ తిరిగొస్తాయి. కాఫీని మూడు, నాలుగు రోజులకొకసారి ఒక పావు వంతు తగ్గించండి. ఈ ఊళ్లో దర్శిని హోటళ్ల 'వన్ బై టూ' అలవాటు, అంటే ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడం, ఇందుకు బాగా పనికొస్తుంది, పక్కన మనిషి దొరికితే చాలు. ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై వారం దాకా ఉండొచ్చు.

పొగాకుకు ఒక తేదీ పెట్టుకుని మానడం మంచిది. బాధ మొదటి రోజే మొదలై, రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. ఆ రోజుల్లో గాబరా వస్తే పల్స్ పట్టి చూడండి. మానేశాక పల్స్ మామూలుగా తగ్గుతుంది. మనసంతా గాబరాగా ఉండి, పల్స్ మీ పాత అంకె కంటే తక్కువుంటే అది చాలావరకు నికోటిన్ విరమణ బాధ, గుండె జబ్బేమోనని బెంబేలెత్తక్కర్లేదు. నాలుగు సెకన్లు గాలి పీల్చి, ఆరు సెకన్లు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చోండి.

పొగాకు మానడానికి వాడే నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమలడమే ఎక్కువమంది చేసే పొరపాటు. నికోటిన్ ఒక్కసారిగా ఊరి కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, ఛాతీలో మంట, దడ. "గమ్ పడదు" అని పారేస్తారు. మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నోట్లో మిరియం ఘాటు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య ఆపేయాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక్కొక్కటి అరగంట వస్తుంది. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్ ఏదీ తాగొద్దు, వాటి పులుపు నికోటిన్‌ను బుగ్గ దాటనివ్వదు. గమ్ మీద ఖైనీ అసలే వద్దు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి చిటికెడు పెట్టుకునే అలవాటుంటే సాధారణంగా 4 మిల్లీగ్రాములది, లేకపోతే 2 మిల్లీగ్రాములది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. దడ తగ్గుతుందని స్నేహితుడి దగ్గరున్న ప్రొప్రనోలాల్ మాత్ర వేసుకోవడం ఇంకో చెడ్డ అలవాటు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేయగలదు.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం. దక్షిణాది భాషల కాల్స్ హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య సంస్థ) కేంద్రం చూస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గాబరాయే ముఖ్యమైన బాధ అయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.

ఛాతీలో బరువు చెయ్యికో దవడకో పాకడం, చల్లటి చెమట, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం ఉంటే పల్స్ లెక్కపెడుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. కదలకుండా 20 నిమిషాలు కూర్చున్నా 120 దిగకపోయినా, ఉన్నట్టుండి 150 దాటినా, లయ తప్పినా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లి దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించుకోండి, ఆగిపోయాక తీస్తే మామూలుగానే రావచ్చు. ఆ కాగితం జాగ్రత్త చేయండి, గుండె డాక్టరుకు అదే కావాలి. అక్కడ డాక్టరు "సిగరెట్ అలవాటుందా?" అని అడుగుతారు. ఖైనీ వేసేవాళ్లు "లేదు సార్" అనేస్తారు, అబద్ధం కాదు కానీ అసలు విషయం బయటికి రాదు. దవడలో ఏం పెడతారో, రోజుకు ఎన్ని పొట్లాలో, చివరిది ఎన్ని గంటలకో, ఆ రోజు తాగిన కాఫీలు, ఎనర్జీ డ్రింకులు, వేసుకున్న మాత్రలు, పార్టీలో ఇంకేమైనా తీసుకుని ఉంటే అదీ మీరే చెప్పండి. ఇచ్చే మందు దాన్నిబట్టే మారుతుంది.