కమ్యూనిటీ కాలేజీ నుంచి పేరున్న యూనివర్సిటీ ఆర్ట్ విభాగంలోకి: కాలిఫోర్నియాలో ట్రాన్స్‌ఫర్‌కు సిద్ధపడే పద్ధతి

కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీలో) రెండేళ్లు చదివి, మూడో ఏడాదికి యూసీఎల్‌ఏ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాస్ ఏంజెలిస్ క్యాంపస్) వంటి చోట ఆర్ట్ విభాగంలో చేరాలనుకునే విద్యార్థి రెండు గడపలు దాటాలి. మొదటిది యూనిట్లు (కోర్సులకు వచ్చే క్రెడిట్లు), గ్రేడ్లు, గడువులకు సంబంధించినది. రెండవది పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల్లోంచి ఎంచిన సంపుటి, దాన్ని విభాగంలోని అధ్యాపకులు చూస్తారు. ఆర్ట్ విద్యార్థుల్లో చాలామంది రెండవ గడప గురించే ఆలోచిస్తూ మొదటిదాని దగ్గర తడబడతారు కనుక ముందు దాని సంగతి చూద్దాం.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో (యూసీ) మూడో ఏడాది ప్రవేశానికి కనీసం 60 సెమిస్టర్ యూనిట్లు, క్వార్టర్ పద్ధతిలోనైతే 90 యూనిట్లు ఉండాలి. రాష్ట్ర నివాసులకు 2.4, బయటివారికి 2.8 కనీస జీపీఏ (గ్రేడ్ల సగటు) అంటారు గాని, పోటీ ఎక్కువగా ఉన్న విభాగాల్లో ఆ అంకెను భరోసాగా తీసుకోకూడదు. ఇంగ్లీషు కాంపొజిషన్ కోర్సులు రెండు, గణితం ఒకటి, ఇతర విభాగాల నుంచి నాలుగు కోర్సులు తప్పనిసరి. వీటన్నిటిలో సీ గాని అంతకన్నా మెరుగైన గ్రేడు గాని రావాలి. బొమ్మలు వేసేవారికి లెక్కలెందుకులే అని ఆ ఒక్క గణితం కోర్సును చివరి సెమిస్టర్ దాకా నెట్టుకుంటూ వచ్చి, అప్పుడు సెక్షన్లో సీటు దొరక్క ఏడాది పోగొట్టుకోవడం కన్నా, దాన్ని మొదటి ఏడాదిలోనే వదిలించుకోవడం మేలు.

మీ కాలేజీలో చదివిన ఏ కోర్సు ఏ యూసీ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్ చెబుతుంది. మొదటి సెమిస్టర్‌లోనే అందులో మీ కాలేజీని, మీరు కోరుకున్న క్యాంపస్‌ను, మేజర్‌ను (డిగ్రీలో ప్రధాన విషయాన్ని) ఎంచుకుని, వచ్చిన పట్టికను కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్లి కూర్చోండి. డ్రాయింగ్, టూడీ డిజైన్, త్రీడీ డిజైన్, కళాచరిత్ర వంటి ఫౌండేషన్ కోర్సుల్లో ఏవి లెక్కకు వస్తాయో అక్కడే తేలుతుంది. ఆర్ట్‌సెంటర్, ఓటిస్, కాల్‌ఆర్ట్స్ వంటి ప్రైవేటు ఆర్ట్ సంస్థల విషయం వేరు: అక్కడ క్రెడిట్లను అంగీకరించడం ఒక నిర్ణయమైతే, స్టూడియో కోర్సుల్లో మిమ్మల్ని ఏ స్థాయిలో కూర్చోబెట్టాలన్నది పోర్ట్‌ఫోలియో చూసి తీసుకునే మరో నిర్ణయం. 60 యూనిట్లు చేతిలో ఉన్నా డిగ్రీకి మరో మూడేళ్లు పట్టే అవకాశం ఇక్కడే పుడుతుంది. ఫీజు లెక్క వేసుకునే ముందే ఈ ప్రశ్న అడగాలి.

ట్యాగ్ అనే ప్రవేశ హామీ పథకాన్ని యూసీలోని డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ఇస్తాయి, యూసీఎల్‌ఏ, బర్క్‌లీ, శాన్ డియేగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే, సెప్టెంబరులోనే దీన్ని దాఖలు చేయాలి. మీ మేజర్‌కు అది వర్తిస్తుందో లేదో ముందే చూసుకుని, వర్తిస్తే వదులుకోకండి.

యూసీ దరఖాస్తును అక్టోబరు 1 నుంచి నవంబరు 30 మధ్య సమర్పించడం ఆనవాయితీ. పోర్ట్‌ఫోలియో అడిగే విభాగాలు దాన్ని విడిగా, వేరే గడువుతో అడుగుతాయి; ప్రధాన దరఖాస్తు పంపేశాం కదా అని ఊరుకుంటే దరఖాస్తు అసంపూర్ణంగా మిగిలిపోతుంది.

ఇక పోర్ట్‌ఫోలియో. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవారి పనిలో ఎక్కువగా కనిపించే లోటు నైపుణ్యానిది కాదు. తెల్లగుడ్డ మీద సీసాలు, వాల్యూ స్కేలు (తెలుపు నుంచి నలుపు దాకా ఛాయల పట్టీ), ఫొటో మీద గళ్లు గీసి పెద్దది చేసిన ముఖం బొమ్మ: ఇవన్నీ క్లాసులో ఇచ్చిన అభ్యాసాలని చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే అవే అభ్యాసాలను వారు కూడా ఇస్తారు. అటువంటివాటిలో ఒకటి రెండు చాలు. మిగిలిన చోటు ఎవరూ చెప్పకుండా మీరు వెంటపడిన విషయానికి ఇవ్వండి. ఉదాహరణకు, రోజూ ఎక్కే బస్ స్టాపును ఒకరు వేర్వేరు వేళల్లో బొగ్గుతో గీశారనుకోండి. తర్వాత దాని బెంచీని అట్టతో కట్టి, ఆ కట్టడం నీడలను ఫొటో తీసి, ఆ ఫొటోల మీద మళ్లీ గీశారనుకోండి. ఆ వరుసలో ఒకటి రెండు బొమ్మలు అంత బాగా కుదరకపోయినా, ఆలోచన ఎటు నడిచిందో కనిపిస్తుంది. నా మటుకు నేను నున్నగా తీర్చిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని పది బొమ్మల కన్నా ఈ వరుసకే ఓటు వేస్తాను. అయితే అడిగిన సంఖ్యను నింపడం కోసం బలహీనమైనవి చేర్చకండి.

ఫొటోలు తీయడంలో అశ్రద్ధ మంచి పనిని కూడా చంపేస్తుంది. బొగ్గు బొమ్మను గోడకు సమంగా బిగించి, రెండు పక్కల నుంచి దాదాపు 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు పెట్టి, కెమెరా లెన్సు బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా, కాగితానికి సమాంతరంగా ఉండేలా స్టాండు మీద నిలపండి. అద్దం, ఫ్రేము తీసేయాలి. పెన్సిలు నలుపు మెరిస్తే దీపాలను మరికాస్త పక్కకు జరపండి. తర్వాత కాంట్రాస్టు పెంచి అసలులో లేని నలుపును తెచ్చిపెట్టకండి. ప్రతి చిత్రానికీ పేరు, మాధ్యమం, కొలతలు, సంవత్సరం రాయాలి. శిల్పమైతే మరో కోణం, ఒక దగ్గరి వివరం జతచేయండి.

యూసీ అడిగే వ్యక్తిగత ప్రశ్నలు నాలుగు, ఒక్కొక్కదానికి 350 పదాలు పరిమితి. అందులో మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారన్న ప్రశ్న ట్రాన్స్‌ఫర్ విద్యార్థులందరికీ తప్పనిసరి. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం అని మొదలుపెడితే చదివేవారికి ఏమీ తెలియదు. ఏ కోర్సు తర్వాత పని ఎలా మారింది, ఏ ప్రయత్నం బెడిసికొట్టి ఏ మాధ్యమం వైపు మళ్లించింది అని రాస్తే తెలుస్తుంది. పోర్ట్‌ఫోలియోలోని బొమ్మలను ఇక్కడ మళ్లీ వర్ణించనక్కరలేదు.

గడువుకు ఏడాది ముందే నేషనల్ పోర్ట్‌ఫోలియో డేకు వెళ్లడం మంచిది. ఆర్ట్ కాలేజీల ప్రతినిధులు అక్కడ ఎదురుగా కూర్చుని పని చూసి అభిప్రాయం చెబుతారు. పూర్తికాని పని, స్కెచ్ పుస్తకం కూడా పట్టుకెళ్లండి, చాలాసార్లు వారి ప్రశ్నలు వాటి మీదే వస్తాయి.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు ప్రవేశం వచ్చాక పాత కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడి సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేసులోని నమోదును) కొత్త యూనివర్సిటీకి బదిలీ చేయించుకోవాలి, విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం కొత్తది ఆ తర్వాతే వస్తుంది.

దరఖాస్తు పంపాక జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్‌లో శరదృతువు గ్రేడ్లు, వసంతకాలం కోర్సులు నమోదు చేయాలి. దరఖాస్తులో రాసిన కోర్సును మధ్యలో మానేస్తే ఆ సంగతి వెంటనే క్యాంపస్‌కు తెలియజేయండి, ఎందుకంటే ప్రవేశం మీరు చెప్పిన కోర్సులు పూర్తవుతాయన్న షరతు మీదే ఇస్తారు. కోర్సుల సిలబస్‌లను, అసలు బొమ్మలను స్టూడియో స్థాయి నిర్ణయం ముగిసే దాకా పారేయకండి.