మెయిల్ మీ డొమైన్‌తో కాకుండా సర్వర్ పేరుతో వెళ్తోందా? మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో సమస్య - పరిష్కారం

పంపిన డొమైన్ ఒక మెయిల్‌లో మూడు చోట్ల ఉంటుంది: చదివేవారికి కనిపించే ఫ్రమ్ లైన్, ఎన్వలప్ చిరునామా (సర్వర్లు ఒకదానికొకటి చెప్పుకునే పంపినవారి చిరునామా, చేరాక రిటర్న్-పాత్‌గా కనిపిస్తుంది), కనెక్షన్ మొదట్లో సర్వర్ చెప్పే హెలో పేరు. ఈ మూడూ వేర్వేరు దారుల్లో వస్తాయి. ఏది తప్పిందో ముందు మెయిల్ లాగ్‌లో, చేరిన మెయిల్ హెడర్లలో చూసుకోండి.

సమస్య: లాగ్‌లో రూట్@వెబ్1.లోకల్‌డొమైన్ అని ఉంది. అవతలి సర్వర్ డొమైన్ దొరకలేదని 450 కోడ్‌తో తిప్పికొడుతోంది.

క్రాన్ (నిర్ణీత సమయాల్లో పనులు నడిపేది) లాంటివి పంపినవారిని ఉత్త 'రూట్' అని ఇస్తాయి. దాని వెనక మైఒరిజిన్ అనే సెట్టింగు విలువను తగిలించేది పోస్ట్‌ఫిక్స్. వేరే చెప్పకపోతే మైఒరిజిన్ అంటే మైహోస్ట్‌నేమే (సర్వర్ పూర్తి పేరు). మెషీన్ పేరులో చుక్క లేకపోతే దానికి లోకల్‌డొమైన్ అతుక్కుంటుంది.

పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌తో మైఒరిజిన్, మైహోస్ట్‌నేమ్, మైడొమైన్ మూడూ చూడండి. డెబియన్, ఉబుంటుల్లో మైఒరిజిన్ చాలాసార్లు ఈటీసీలోని మెయిల్‌నేమ్ ఫైలును చూపిస్తుంది. క్లోన్ చేసిన మెషీన్లలో పాత పేరు దాక్కునేది అక్కడే. మైఒరిజిన్‌ను ఎగ్జాంపుల్.కామ్‌గా (దాని చోట మీ డొమైన్), మైహోస్ట్‌నేమ్‌ను మెయిల్.ఎగ్జాంపుల్.కామ్‌గా పెట్టి రీలోడ్ చేయండి. అప్పటికే క్యూలో ఉన్నవి పాత చిరునామాతోనే వెళ్తాయి.

ఇక్కడే ఒక మెలిక. మైఒరిజిన్ అందుకునేవారి పేరుకూ తగులుతుంది. 'రూట్'కు వచ్చే క్రాన్ మెయిల్ ఇక రూట్@ఎగ్జాంపుల్.కామ్‌కు బయటికి పోతుంది. ఏలియాసెస్ ఫైలు దాన్ని ఆపలేదు, అది లోకల్ డెలివరీకే పనిచేస్తుంది. రూట్ మెయిల్ ఎవరికి వెళ్లాలో వర్చువల్ ఏలియాస్ మ్యాప్స్‌లో రాయండి.

మైఒరిజిన్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఎస్ఎంటీపీ జెనెరిక్ మ్యాప్స్ వాడండి. టేబుల్‌లో ఎడమవైపు పాత చిరునామా, కుడివైపు కొత్తది రాసి పోస్ట్‌మ్యాప్ నడపాలి. మెయిల్ ఎస్ఎంటీపీలో బయటికి వెళ్లేటప్పుడే ఎన్వలప్, హెడర్ రెండూ మారతాయి. లోపలి మెయిల్ అలాగే ఉంటుంది.

సమస్య: ఫ్రమ్ సరిగ్గానే ఉంది, రిటర్న్-పాత్‌లో మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ నడిచే యూజర్ పేరు).

పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్‌లో ఫ్రమ్ హెడర్ రాసినంత మాత్రాన లైనక్స్‌లో ఎన్వలప్ మారదు. ఎస్పీఎఫ్ (ఆ డొమైన్ తరఫున పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా అనే తనిఖీ) చూసేది ఎన్వలప్‌నే. అది ఫ్రమ్ డొమైన్‌తో కలవకపోతే, డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ పెట్టే డిజిటల్ సంతకం) ఆదుకుంటే తప్ప డీమార్క్ (ఫ్రమ్ డొమైన్‌ను ఈ రెంటితో పోల్చే తనిఖీ) గట్టెక్కదు. ఫంక్షన్ ఐదో ఆర్గ్యుమెంట్‌గా 'మైనస్ ఎఫ్', దాన్ని ఆనుకునే చిరునామా ఇవ్వండి.

సమస్య: ఇవన్నీ మార్చాక సొంత డొమైన్‌లోని సహోద్యోగులకు 'అలాంటి యూజర్ లేడు' అని బౌన్స్.

మెయిల్‌బాక్సులు వేరే సర్వర్‌లో ఉంటే, మైడెస్టినేషన్‌లో (ఈ సర్వరే అందుకునే డొమైన్ల జాబితా) ఎగ్జాంపుల్.కామ్ ఉండకూడదు. ఉంటే పోస్ట్‌ఫిక్స్ ఎమ్ఎక్స్ రికార్డు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) వైపు చూడకుండా తన యూజర్లలోనే వెతుకుతుంది. మైహోస్ట్‌నేమ్‌గా ఉత్త ఎగ్జాంపుల్.కామ్ పెట్టినా ఇదే గతి, ఎందుకంటే మైడెస్టినేషన్‌లో మైహోస్ట్‌నేమ్ మామూలుగానే ఉంటుంది.

హెలో పేరు తప్పయితే మైహోస్ట్‌నేమ్ సరిచేయండి, అది మామూలుగా అక్కడి నుంచే వస్తుంది. ఐపీకి పీటీఆర్ రికార్డు (ఐపీ నుంచి పేరును చూపేది) అదే పేరు చెప్పాలి, ఆ పేరు తిరిగి అదే ఐపీని చూపాలి. పీటీఆర్ మీ డీఎన్ఎస్ ప్యానెల్‌లో కనిపించకపోతే ఐపీ ఇచ్చినవారిని అడగాలి.