అడ్డపొగ తాగే పెద్దల నోటిని ఇంట్లో చూడటం ఎలా?

చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు విశాఖపట్నం, శ్రీకాకుళం తీరప్రాంత పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో, తరతరాలుగా ఉంది. ఖైనీ, గుట్కా వాడేవారికి వాటిని దవడన పెట్టుకునే చోట, అంటే బుగ్గ లోపలా చిగుళ్ల దగ్గరా, క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అడ్డపొగలో వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి జబ్బు తరచుగా అక్కడే మొదలవుతుంది. అద్దంలో చూసుకున్నా సులభంగా కనబడని చోటు అది. అందుకే ఇంట్లో మరొకరు చూడాలి.

చేతులు కడుక్కుని, అమ్మనో నాయనమ్మనో కుర్చీలో కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, నోరు పుక్కిలించాక తల బాగా వెనక్కి వాల్చమని టార్చిలైటుతో అంగిలిని చూడండి. అంగిలి తెల్లబారి మందంగా మారి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తే, పొగ వల్ల లాలాజల గ్రంథుల రంధ్రాలు వాచాయని అర్థం. దానినీ వైద్యునికి చూపించాలి. ఎర్రని మచ్చ, గరుకుగా పెరిగిన కండ, మానని పుండు కనిపిస్తే మాత్రం అసలు ఆలస్యం చేయకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, ఎందుకంటే తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. ఆ తరువాత బుగ్గలు, చిగుళ్లు, నాలుక అంచులు, నాలుక అడుగు చూసి, మెడలో గడ్డలున్నాయేమో తడమండి.

మద్యం సంగతి కూడా నిందించకుండా అడగాలి. మద్యం ఒక్కటే అయినా నోటి క్యాన్సర్‌కు కారణమవుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే దానిని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. పొగాకుతో కలిస్తే ముప్పు రెండింటి మొత్తంకన్నా ఎక్కువవుతుంది, ఎందుకంటే మద్యం తగిలిన నోటిపొరలోంచి పొగాకు విషాలు సులువుగా లోపలికి ఇంకుతాయి. సారా, బ్రాందీ, బీరు ఏదైనా హాని చేసేది అందులోని ఆల్కహాలే.

రెండు వారాలు దాటినా మానని పుండుకు పైపూతలతో కాలక్షేపం చేయకుండా దంతవైద్యునికో, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో చూపించండి. క్యాన్సర్ చికిత్సకు విశాఖపట్నం దగ్గరి అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు పాకుతుందన్న భయంతో చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ భయానికి ఆధారం లేదు, ఆ పరీక్ష లేనిదే క్యాన్సర్ నిర్ధారణ కాదు. పొగాకు మానడానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని చుట్టలు తాగుతున్నారో, మచ్చ మొదట ఎప్పుడు కనిపించిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.